సీసాలు పెరిగాయి, కిటికీ చిన్నదైంది

బిలాస్‌పూర్ రైల్వే కాలనీల తెలుగు ఇళ్లలో స్నానాల గది పెరట్లోంచి పడకగది పక్కకు చేరింది. యాసిడ్, బ్లీచింగ్ పౌడర్, ఫినాయిల్ కూడా దాని వెంటే వచ్చాయి. శుభ్రం కోసం తెచ్చుకున్న సరుకు ఊపిరికి చేటు కాకుండా చూసుకోవడానికి డబ్బు కంటే శ్రద్ధే ఎక్కువ కావాలి.

ఆదివారం ఉదయం. నైట్ డ్యూటీ దిగి వచ్చిన మగవాళ్లు ఒకవైపు నిద్రపోతుంటే, రైల్వే కాలనీ ఇళ్లలో వారానికోసారి జరిగే తంతు మరోవైపు మొదలవుతుంది. బాత్‌రూమ్ కడగడం. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, బకెట్, బ్రష్ పట్టుకుని ఇల్లాలో, పనికి వచ్చే బాయో లోపలికి వెళ్తారు. ముందుగా టాయిలెట్ గిన్నెలో యాసిడ్ పోస్తారు. అది పొగలు కక్కుతుండగానే నేలంతా బ్లీచింగ్ పౌడర్ చల్లుతారు. చివర్లో వాసన కోసం రెండు మూతల ఫినాయిల్. ఘాటు ఇంట్లోకి రాకుండా తలుపు దగ్గరగా వేసుకుంటారు. పది నిమిషాల తర్వాత కళ్లు తుడుచుకుంటూ, దగ్గుకుంటూ బయటికి వస్తారు.

ఆ దగ్గును ఎవరూ పట్టించుకోరు. ఘాటు ఎంత ఎక్కువైతే మురికి అంత బాగా వదిలిందని నమ్మకం. ఈ నమ్మకం బిలాస్‌పూర్‌ది మాత్రమే కాదు, బెజవాడలోనూ ఉంది, బరంపురంలోనూ ఉంది. కానీ ఇంట్లో అన్నిటికంటే చిన్నదీ, గాలి ఆడనిదీ అయిన గదిలోనే అన్నిటికంటే ఘాటైన రసాయనాలను వాడుతున్నామన్న సంగతి మాత్రం చాలామందికి తట్టదు. వాటిలో కొన్ని విడివిడిగా పనికొచ్చేవే. కలిస్తేనే విషం.

పెరటి నుంచి ఫ్లాట్‌కు

బిలాస్‌పూర్‌లో తెలుగువారి కథ రైలు పట్టాలతో మొదలైంది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఈ ఊరిని పెద్ద జంక్షన్‌గా మార్చింది. తూర్పు తీరంలో తెలుగు జిల్లాల గుండా సాగిన లైను కూడా ఆ కంపెనీ చేతికే వచ్చింది. 1931లో రాయ్‌పూర్-విజయనగరం మార్గం పూర్తయ్యాక రాకపోకలు మరింత సులువయ్యాయి. ఉత్తరాంధ్ర నుంచి ఖలాసీలుగా, ఫిట్టర్లుగా, గుమాస్తాలుగా వచ్చినవారి పిల్లలు, మనవలు ఇక్కడివారే అయిపోయారు. 2000 నవంబర్‌లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం వచ్చింది. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు బిలాస్‌పూర్ కేంద్రమైంది. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బజార్లో ఛత్తీస్‌గఢీ మాట్లాడే కుటుంబాలు తోర్వా, తార్‌బహార్ వైపు ఇప్పటికీ కనిపిస్తాయి.

పాత రైల్వే క్వార్టర్లలో స్నానాల గది, మరుగుదొడ్డి ఇంటికి దూరంగా పెరటి చివర ఉండేవి. పైకప్పుకూ గోడకూ మధ్య జానెడు ఖాళీ. ఆ రోజుల్లో ఆ గదిలో ఉండే సరంజామా కూడా తక్కువే. ఒక సబ్బు, తలంటుకు కుంకుడుకాయలు, పండగకు సున్నిపిండి, పళ్లకు వేపపుల్లో పళ్లపొడో. నేలకు ఇటుక పొడి, కొబ్బరి పీచు. ఫినాయిల్ వాడినా ఆ వాసన పెరటి గాలిలో కలిసిపోయేది.

రిటైరయ్యాక సొంతిల్లు కట్టుకున్నవారికీ, ఫ్లాట్ కొనుక్కున్నవారికీ పడకగది పక్కనే బాత్‌రూమ్ వచ్చింది. అర్ధరాత్రి వానలో పెరట్లోకి పరుగెత్తే బాధ తప్పింది. వయసు మళ్లినవారికి అదెంత ఊరటో వేరే చెప్పక్కర్లేదు. అయితే కొత్త గదికి ఉన్నది ఒక అడుగు వెంటిలేటర్. దానికీ దోమల మెష్ బిగించి, చలికాలంలో అట్టముక్క అడ్డం పెట్టేవారు ఎందరో. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే ఉంటుంది, కరెంటు బిల్లు భయంతో తిరగదు. గాలి దారి మూసుకుపోయిన ఆ గదిలోనే అరల మీద సీసాలు మాత్రం పెరుగుతూ పోయాయి. టాయిలెట్ క్లీనర్, టైల్స్ క్లీనర్, బ్లీచ్, నల్ల ఫినాయిల్, తెల్ల ఫినాయిల్, గది పరిమళానికి స్ప్రే, వాష్‌బేసిన్‌లో కలరా ఉండలు, గోడకు వేలాడే సువాసన బిళ్ల, షాంపూలు, హెయిర్ డై. లెక్కపెడితే వంటింట్లోని పోపు డబ్బాల కంటే ఇవే ఎక్కువ తేలినా ఆశ్చర్యం లేదు.

అర గ్రాము చాలు

టాయిలెట్ గిన్నెకు వాడే విడి యాసిడ్ అసలు పేరు హైడ్రోక్లోరిక్ ఆమ్లం. బ్రాండెడ్ టాయిలెట్ క్లీనర్లలో ఎక్కువ భాగం దీన్నే పలచన చేసి, చిక్కదనం, రంగు, వాసన కలిపి తయారుచేసేవే. నీటిలోని ఖనిజ లవణాల వల్ల పట్టే తెల్లటి గారను కరిగించడం దీని పని. బ్లీచింగ్ పౌడర్ పని వేరు. అది క్రిములను చంపుతుంది. దానిలో బరువులో దాదాపు మూడో వంతు దాకా విడుదల కాగల క్లోరిన్ ఉంటుంది. దాన్ని కొంచెం కొంచెంగా వదలడం వల్లే బావి నీటిని శుభ్రం చేయడానికి పనికొస్తుంది.

ఈ రెండూ కలిస్తే ఆ క్లోరిన్ ఒక్కసారిగా వాయువై బయటపడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ వద్ద జర్మనీ సైన్యం శత్రువు మీదకు వదిలింది ఈ వాయువునే. ఊపిరితిత్తుల తడి తగలగానే అది ఆమ్లంగా మారి లోపలి పొరలను కాల్చేస్తుంది. పైగా గాలి కంటే రెండున్నర రెట్లు బరువు. అందుకే పైకి పోకుండా నేల దగ్గరే పేరుకుంటుంది. గొంతుక్కూర్చుని నేల రుద్దే మనిషి ముఖం ఉండేదీ అక్కడే.

ఒక చిన్న లెక్క చూస్తే ముప్పు ఎంత దగ్గరిదో తెలుస్తుంది. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తున్న బాత్‌రూమ్‌లో పట్టే గాలి సుమారు 5,400 లీటర్లు. గాలిలో పది లక్షల భాగాలకు 10 భాగాల క్లోరిన్ చేరితే ప్రాణానికి, ఆరోగ్యానికి తక్షణ ప్రమాదమని వృత్తి ఆరోగ్యంపై పనిచేసే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ నిర్ధారించింది. ఆ గదిలో ఆ స్థాయి రావడానికి కావలసిన క్లోరిన్ 54 మిల్లీలీటర్లు. బరువులో చెప్పాలంటే గ్రాములో ఆరో వంతు. అర గ్రాము బ్లీచింగ్ పౌడర్ యాసిడ్‌తో పూర్తిగా కలిస్తే అంత వాయువు వస్తుంది. కొంత నీటిలో కరిగిపోవచ్చు, కొంత తలుపు సందుల్లోంచి పోవచ్చు. కానీ నేల మీద చల్లేది అర గ్రాము కాదు, గుప్పెడు.

యాసిడ్ ఒక్కటే కాదు. పుల్లగా ఉండేది ఏది కలిసినా, చివరకు వెనిగర్ అయినా, బ్లీచ్ నుంచి క్లోరిన్ వస్తుంది. అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్‌తో కలిస్తే క్లోరమైన్ అనే మరో ఘాటు వాయువు పుడుతుంది. సరిగ్గా నీళ్లు పోయని మూత్రశాలలో బ్లీచింగ్ చల్లినప్పుడు కళ్లు మండేదీ ఇందువల్లే. మూత్రం నుంచి వచ్చే అమ్మోనియాయే అక్కడ కారణం. రెండు మందులు కలిపితే రెట్టింపు శుభ్రత అనుకునేవారు మరో సంగతి కూడా గమనించాలి. యాసిడ్, బ్లీచింగ్ కలిసి ఒకదాన్నొకటి ఖర్చు చేసుకుంటాయి. గార పూర్తిగా పోదు, క్రిములూ పూర్తిగా చావవు. మిగిలేది దగ్గే.

చీపురు పట్టిన చేతికే శిక్ష

ఈ ఘాటు ఇంటిల్లిపాదికీ సమానంగా తగలదు. కడిగేది ఎవరో పీల్చేదీ వారే. నార్వేలోని బెర్గెన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనం ఇందుకు గట్టి సాక్ష్యం. యూరప్‌లో 6,235 మందిని ఇరవై ఏళ్ల పాటు గమనించారు. ఇల్లు శుభ్రం చేసుకునే మహిళల్లోనూ, శుభ్రం చేయడమే ఉద్యోగమైన మహిళల్లోనూ ఊపిరితిత్తుల సామర్థ్యం మిగతావారి కంటే వేగంగా తగ్గినట్టు తేలింది. శుభ్రం చేయడమే వృత్తిగా ఉన్నవారిలో ఆ నష్టం రోజుకో పెట్టె సిగరెట్లు చొప్పున పదీ ఇరవై ఏళ్లు కాల్చినంత ఉంటుందని పరిశోధకులు పోల్చారు. మగవారిలో ఈ తేడా కనిపించలేదు.

యూరప్ ఇళ్లలో విడి యాసిడ్ వాడకం అరుదు. అక్కడి స్ప్రే సీసాలతోనే ఇంత జరిగితే, రోజుకు నాలుగైదు ఇళ్లలో బాత్‌రూమ్‌లు కడిగే మన బాయిల సంగతేమిటి? వారి చేతులకు తొడుగులు ఉండవు. కాళ్లకు చెప్పులు ఉండవు, ఇంట్లోకి చెప్పులతో రానివ్వరు గనక. అరచేతులు పగిలి, గోళ్లు పసుపెక్కినా "పని చేతులు అంతే" అనుకుంటారు. ఉబ్బసం వస్తే చలిగాలి మీదకు తోసేస్తారు. కార్మికుడికి రక్షణ పరికరాలు ఇవ్వాలన్న నియమం ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగిపోయింది. ఇంటి గుమ్మం దాటి లోపలికి రాలేదు. ఆ పని ఇంటివాళ్లే చేయాలి.

నీళ్ల సీసాలో యాసిడ్

విడి యాసిడ్‌తో ఇంకో ప్రమాదం ఉంది. మంచినీళ్ల సీసాలోనో, కూల్‌డ్రింక్ సీసాలోనో దాన్ని పోసి ఉంచడం. లేబుల్ ఉండదు, రంగు ఉండదు. మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటే ఊళ్లో దాహంతో ఇంటికి వచ్చిన పిల్లాడి చెయ్యి ముందు సీసా మీదకే వెళ్తుంది. ఒక్క గుక్క చాలు, గొంతు నుంచి కడుపు దాకా కాలిపోవడానికి. బతికి బయటపడినా అన్నవాహిక ముడుచుకుపోయి, ఏళ్ల తరబడి ఆస్పత్రి చుట్టూ తిరగాల్సి రావచ్చు.

యాసిడ్ అమ్మకంపై సుప్రీంకోర్టు ఆంక్షలు విధించి దశాబ్దం దాటింది. యాసిడ్ దాడి బాధితురాలు లక్ష్మి వేసిన పిటిషన్‌పై 2013 జులై 18న ఇచ్చిన ఆదేశాల ప్రకారం కొనేవారు ఫొటో ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి. ఎందుకు కొంటున్నారో చెప్పాలి. దుకాణదారు వారి పేరు, చిరునామా, కొన్న పరిమాణం రిజిస్టర్లో రాసుకోవాలి. 18 ఏళ్ల లోపువారికి అమ్మకూడదు. నిల్వల వివరాలు సబ్‌డివిజనల్ మేజిస్ట్రేట్‌కు తెలపాలి. ఉల్లంఘిస్తే 50,000 రూపాయల దాకా జరిమానా. దాడులను ఆపడానికి వచ్చిన ఆదేశాలే అయినా, పాటిస్తే బాత్‌రూమ్‌లోని గుర్తులేని సీసాలూ తగ్గుతాయి. అయితే రిజిస్టర్ అడిగే కొనుగోలుదారు ఎక్కడున్నాడు? ఏ వీధి బండి మీదో పాత సీసాలో నింపి ఇస్తే చవకగా వచ్చిందని సంచిలో వేసుకోవడమే మనకు అలవాటు.

తెల్లటి ఉండ, ఎర్రటి రక్తం

వాష్‌బేసిన్ జాలీలో, మూత్రశాలలో, బట్టల బీరువాలో కనిపించే కలరా ఉండలకు కలరాతో ఏ సంబంధమూ లేదు. అవి నాఫ్తలీన్. గాలికి ఆవిరైపోతూ వాసన వదులుతాయి. ఉండ రోజురోజుకూ చిక్కిపోయిందంటే ఆ మేరకు గదిలోని గాలిలో చేరిందనే అర్థం. యూరోపియన్ యూనియన్ 2008లోనే నాఫ్తలీన్ ఉండలను మార్కెట్ నుంచి తప్పించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం దీన్ని క్యాన్సర్ కారకం కావచ్చన్న జాబితాలో 2002లో చేర్చింది.

ఛత్తీస్‌గఢ్‌లో దీని గురించి మరింత జాగ్రత్త పడడానికి వేరే కారణం ఉంది. జీ6పీడీ అనే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉండేవారు మధ్య భారతంలోని చాలా సముదాయాల్లో కనిపిస్తారు. మగపిల్లల్లో ఇది ఎక్కువ. మామూలు రోజుల్లో ఏ ఇబ్బందీ ఉండదు. కానీ నాఫ్తలీన్ ఒంట్లోకి వెళ్తే వారి ఎర్ర రక్తకణాలు గుంపులుగా పగిలిపోతాయి. ఒళ్లు పాలిపోతుంది, కళ్లు పచ్చబడతాయి, మూత్రం టీ డికాక్షన్ రంగులోకి మారుతుంది. మలేరియాకు ప్రైమాక్విన్ మాత్ర రాసే ముందు వైద్యులు జాగ్రత్త పడేది కూడా ఈ లోపం గురించే. ఉండను పెప్పర్‌మెంట్ అనుకుని మింగిన పసివాళ్లే కాదు, కలరా ఉండలు వేసి దాచిన బట్టలను ఉతకకుండా తొడిగిన నవజాత శిశువులు కూడా ఇలా జబ్బుపడినట్టు వైద్య సాహిత్యంలో ఉంది.

ఇదే ప్రాంతంలో సికిల్ సెల్ రక్తహీనత కూడా ఎక్కువ. ఆ వ్యాధి నిర్మూలనకు జాతీయ మిషన్ 2023 జులై 1న మొదలైంది కూడా బిలాస్‌పూర్ రైల్వే డివిజన్ పరిధిలోని షహడోల్‌లోనే. సికిల్ సెల్ వేరు, జీ6పీడీ లోపం వేరు. కానీ రక్తం విషయంలో ఇన్ని చిక్కులున్న చోట, కణాలను పగలగొట్టగల పదార్థాన్ని కేవలం వాసన కోసం ఇంట్లో ఉంచుకోవడంలో అర్థం లేదు. కొన్ని సువాసన బిళ్లల్లో నాఫ్తలీన్ బదులు పారాడైక్లోరోబెంజీన్ వాడతారు. టాయిలెట్ బిళ్లల్లో, గది పరిమళాల్లో దాని వాడకాన్ని కూడా యూరోపియన్ యూనియన్ 2014లో నిషేధించింది. ఈ ఉండలు, బిళ్లలు ఏవీ దుర్వాసనను పోగొట్టవు, కప్పుతాయంతే. వాసన వస్తోందంటే జాలీలో చెత్త ఇరుక్కుందనో, ట్రాప్‌లో నీళ్లు ఎండిపోయాయనో అర్థం. బాగుచేయాల్సింది దాన్ని.

మూడు రోజుల్లో తేడా

ఒంటికి రాసుకునేవాటి సంగతి వేరు. వాటి ప్రభావం దగ్గు రూపంలో వెంటనే కనిపించదు. యాంటీబాక్టీరియల్ సబ్బుల్లో వాడిన ట్రైక్లోసాన్‌నే తీసుకుంటే, మామూలు సబ్బూ నీళ్ల కంటే అది ఎక్కువ మేలు చేస్తుందనీ, ఏళ్ల తరబడి వాడినా సురక్షితమేననీ కంపెనీలు రుజువు చూపలేకపోయాయి. దాంతో దానితోపాటు మొత్తం 19 పదార్థాలను చేతులకూ ఒంటికీ వాడే యాంటీబాక్టీరియల్ సబ్బుల నుంచి తప్పించాలని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2016 సెప్టెంబర్‌లో ఆదేశించింది.

ఇలాంటివి మానేస్తే నిజంగా తేడా ఉంటుందా? బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో ఇందుకు సమాధానం ప్రకటించారు. శాలినాస్ అనే వ్యవసాయ పట్టణంలో 100 మంది టీనేజీ అమ్మాయిలకు పారాబెన్లు, ట్రైక్లోసాన్, థాలేట్‌లు లేవని లేబుల్ ఉన్న షాంపూలు, సబ్బులు, క్రీములు ఇచ్చారు. మూడు రోజుల్లోనే వారి మూత్రంలో రెండు రకాల పారాబెన్లు 44-45 శాతం, ట్రైక్లోసాన్ 36 శాతం తగ్గాయి. సువాసనల కోసం వాడే ఒక రకం థాలేట్ ఆనవాళ్లు 27 శాతం పడిపోయాయి. ఈ రసాయనాలు ఒంట్లో ఏళ్ల తరబడి తిష్ఠ వేసేవి కావు. రోజూ వాడుతుంటాం కాబట్టే రోజూ ఉంటాయి. మానేస్తే పోతాయి.

హెయిర్ డైలోని పారాఫినైలిన్ డయమైన్, క్లుప్తంగా పీపీడీ, కొందరికి తీవ్రమైన అలర్జీ తెస్తుంది. కొత్త డై ఏదైనా ముందు చెవి వెనక కొంచెం రాసి 48 గంటలు ఆగి చూడమని లేబుల్ మీద రాసేది ఇందుకే. పొరపాటున కడుపులోకి వెళ్తే గొంతు వాచి ఊపిరాడకపోవడం, మూత్రపిండాలు దెబ్బతినడం జరుగుతాయని ఆంధ్రప్రదేశ్ ఆస్పత్రుల వైద్యులు ఎన్నో ఏళ్లుగా వైద్య పత్రికల్లో రాస్తూనే ఉన్నారు. అలాంటి సీసా చోటు తాళం వేసిన అరలోనే.

వాసన లేని ముప్పు

సీసాల్లో లేని విషం ఒకటి చలికాలంలో బాత్‌రూమ్‌లోకి వస్తుంది. గ్యాస్ గీజర్ మండడానికి ఆక్సిజన్ కావాలి. మూసిన గదిలో అది తగ్గేకొద్దీ మంట సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. వంటగ్యాస్ లీకైతే తెలియడానికి వాసన కలుపుతారు. ఈ వాయువుకు వాసన, రంగు రెండూ లేవు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తల తిరుగుతోందని తెలిసేలోపే కాళ్లు సహకరించవు. బాత్‌రూమ్‌లో స్పృహ తప్పి పడిపోయినవారిని మూర్ఛ అనుకుని ఆస్పత్రికి తెచ్చిన కేసులను దేశంలో చాలా నగరాల వైద్యులు నమోదు చేశారు. గ్యాస్ గీజర్‌ను బాత్‌రూమ్ బయట, గాలి ఆడేచోట బిగించి, వేడినీళ్ల పైపు మాత్రమే లోపలికి తేవాలి. అది కుదరకపోతే బకెట్ నిండాక గీజర్ ఆపేసి, తలుపు తెరిచి ఉంచి, గాలి మారాకే స్నానానికి వెళ్లాలి.

కుంకుడుకాయే దారా?

ఇదంతా విన్నవారికి పాత రోజులే మేలనిపించవచ్చు. కానీ ఆ రోజుల్లో కలరా ఉండేది, టైఫాయిడ్ ఉండేది. మరుగుదొడ్డిని చేతులతో ఎత్తి శుభ్రం చేయించిన అమానుషం ఉండేది. బ్లీచింగ్ పౌడర్ లక్షల ప్రాణాలు కాపాడిన పదార్థం. తప్పు దానిది కాదు. ఎంత, ఎక్కడ, దేనితో అన్నది మరిచిపోవడంలో ఉంది. కోవిడ్ మొదటి రోజుల్లో ఆ మరుపు దేశమంతా కనిపించింది. 2020 మార్చి చివర్లో బరేలీలో ఊళ్లకు తిరిగొచ్చిన వలస కార్మికులను రోడ్డు మీద కూర్చోబెట్టి సోడియం హైపోక్లోరైట్ ద్రావణం చల్లారు. మనుషుల మీద క్రిమిసంహారకాలు చల్లొద్దని కేంద్ర ఆరోగ్య శాఖ ఆ ఏప్రిల్‌లో చెప్పాల్సి వచ్చింది.

సహజమైనదంతా క్షేమమనీ అనుకోవద్దు. కుంకుడు రసం కంట్లో పడితే ఎలా ఉంటుందో ప్రతి తెలుగు పిల్లకూ, పిల్లాడికీ అనుభవమే. కానీ రోజువారీ శుభ్రతకు కావలసినవి నిజానికి రెండు మూడే. జిడ్డుకు సబ్బు నీళ్లు. గారకు నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం. దాన్ని వేడినీటిలో కరిగించి అరగంట వదిలి రుద్దితే చాలా మరకలు పోతాయి. క్రిములకు పలచని బ్లీచింగ్ నీళ్లు, అదీ ఇంట్లో విరేచనాలో, వాంతులో ఉన్నప్పుడు. ఇక్కడా సిట్రిక్ ఆమ్లం వాడిన చోట బాగా నీళ్లు పోశాకే బ్లీచింగ్. వీలైతే ఒకటి ఈ రోజు, మరొకటి వేరే రోజు.

బిలాస్‌పూర్ నుంచి తిరుపతికి, విశాఖకు రైళ్లున్నాయి. ఊరి నుంచి వచ్చే సంచుల్లో ఆవకాయ జాడీ పక్కన కుంకుడుకాయల పొట్లం ఇప్పటికీ వస్తూనే ఉంది. వచ్చే ఆదివారం బకెట్ పట్టుకునే ముందు ఆ ఇళ్లలో చేయాల్సిన మొదటి పని ఖర్చు లేనిది. వెంటిలేటర్‌కు అడ్డం పెట్టిన అట్టముక్క తీసేయడం. రెండో పని, కడగడానికి వచ్చిన బాయి చేతికి ఒక జత తొడుగులు ఇవ్వడం.

ఇవి పాటిస్తే సగం ముప్పు తప్పినట్టే

- ఒకసారికి ఒకే మందు. యాసిడ్, టాయిలెట్ క్లీనర్, వెనిగర్, నిమ్మ ఉప్పు వీటిలో ఏదీ బ్లీచింగ్‌తో కలవకూడదు. ఖాళీ అయిన ఒకదాని సీసాలో మరొకటి నింపొద్దు.

- కడిగేటప్పుడు తలుపు, కిటికీ బార్లా తెరవండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పని మొదలయ్యే ముందు నుంచి అయ్యాక అరగంట దాకా తిరగాలి.

- బ్లీచింగ్ పౌడర్‌ను పొడిగా చల్లొద్దు. లీటరు నీటికి 3 గ్రాములు, అంటే చెంచాకు కాస్త తక్కువ, కలిపి పైన తేరిన నీటిని వాడండి. దీనితో దాదాపు 0.1 శాతం ద్రావణం వస్తుంది. ముందు సబ్బుతో మురికి పోగొట్టి, ఆ తర్వాత ఈ నీళ్లు పోసి పది నిమిషాలు ఉంచితేనే పనిచేస్తుంది. వేడినీళ్లు వాడొద్దు. కలిపింది ఆ రోజే వాడేయండి.

- యాసిడ్ పలచన చేయాల్సి వస్తే నీటిలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు కాదు.

- ఏ మందూ నీళ్ల సీసాలోకి మార్చొద్దు. అసలు సీసా, అసలు లేబుల్, పిల్లలకు అందని ఎత్తు.

- కలరా ఉండలు మానేయండి. దాచిన బట్టలు పసివాళ్లకు తొడిగే ముందు ఉతికి, ఎండలో ఆరేయండి.

- ఘాటు ముక్కుకు తగిలి దగ్గు మొదలైతే అన్నీ వదిలేసి బయటి గాలిలోకి రండి. ఆ మిశ్రమం మీద మరో మందు పోయొద్దు. ఆయాసం తగ్గకపోతే ఆస్పత్రికి వెళ్లాలి. క్లోరిన్ దెబ్బ కొన్ని గంటల తర్వాత కూడా ముదరవచ్చు.

- యాసిడ్ కంట్లోనో ఒంటి మీదో పడితే ధారగా నీళ్లు పోస్తూ కనీసం 15 నిమిషాలు కడగాలి. మింగితే వాంతి చేయించొద్దు. సీసాను వెంట తీసుకుని, 108కి ఫోన్ చేసి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.